ఏడ్చే తగరం

రెండువేల ఎనిమిది నాటికి మడకశిర బస్టాండులో దిగి కళాయి కదిరమ్మ ఇల్లెక్కడ అని అడిగితే, టీ కొట్టువాడు గ్లాసు కడగడం ఆపకుండానే దారి చెప్పేవాడు. ఎర్రబండపల్లికి ఆరు మైళ్లు, ఊళ్లో మొదటి సందు, వాకిట్లో గంగాళాలు బోర్లించి ఉంటాయి, అదే. కర్ణాటక వైపు నుంచి కూడా ఎడ్లబండ్ల మీద, టెంపోల మీద ఇత్తడి సామాను ఆమె వాకిటికి వచ్చేది. అంతకు ఏడేళ్ల ముందు మాత్రం ఆమెకు ఆ పేరు లేదు. తిప్పయ్య పెండ్లాం, అంతే. ఏం పని చేస్తుంది అంటే "తిత్తి ఊదుతాది" అనేవాళ్లు. ఆ మాట అనేటప్పుడు మూతి కూడా కాస్త వంకర పోయేది.

కళాయి అంటే ఏమిటో స్టీలు గిన్నెల్లో తిని పెరిగినవాళ్లకు చెప్పక తప్పదు. ఇత్తడిలో సగానికి పైగా రాగి ఉంటుంది. రాగికీ పులుపుకీ పడదు. ఒట్టి ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాచి గడియసేపు వదిలేస్తే పచ్చటి కిలుము అందులోకి దిగుతుంది. తిన్నవాడు ఆ పూటంతా చెంబు పట్టుకుని తిరగాల్సిందే. అందుకని గిన్నె లోపల తగరం పూత పూస్తారు. తగరం నిదానమైన లోహం, పులుపుతో తగాదా పెట్టుకోదు. గిన్నెను నిప్పుల మీద బాగా కాల్చి, తగరం అంటుకునేందుకు నవాసారం పొడి చల్లి, తగరం కడ్డీ ఆనించి, కరిగినదాన్ని దూదితో గిన్నెంతా తిప్పి రుద్దితే లోపల వెండిలా తెల్లబడుతుంది. చెప్పడానికి ఇంతే. చేయడానికి తిప్పయ్య హిందూపురంలో ఒక ఉస్తాదు దగ్గర ఆరేళ్లు పొగ మింగాడు.

కదిరమ్మ పద్దెనిమిదేళ్లు అతని వెనక కూర్చుని తోలుతిత్తి ఊదింది. కొలిమికి అటువైపు మొగుడు, ఇటువైపు తను. అతని వీపు తప్ప ఆమెకు కనిపించేది ఏమీ లేదు. గిన్నె లోపల ఏం జరుగుతోందో చూసే అవకాశమే రాలేదు. కానీ చెవులున్నాయి, ముక్కుంది. నవాసారం పొగ ఘాటు ఏ మోతాదులో ఉంటే గిన్నె పదునుకు వచ్చినట్టో, దూది ఎప్పుడు సర్రుమంటుందో, ఎప్పుడు గరగరమంటుందో, ఏ చప్పుడు తర్వాత మొగుడు తృప్తిగా గొంతు సవరించుకుంటాడో, అన్నీ ఆమెకు తెలుసు. చూడకుండా నేర్చుకున్న విద్య అది. తను నేర్చుకున్నానని ఆమెకే తెలియదు.

కొత్త కడ్డీ కొన్నప్పుడల్లా తిప్పయ్య దాన్ని ఆమె చెవి దగ్గర పెట్టి వంచేవాడు. కిర్రుమని సన్నగా, పసిబిడ్డ గునిసినట్టు వినిపించేది.

"విన్యావా? ఏడుస్తాండాది. ఏడ్చేది తగరం. వంచినా నోరు మెదపనిది సీసం. మా ఉస్తాదు తమ్ముడు సీసం కలిపిన కళాయి పెట్టి, అదే గిన్నెలో రోజూ పులుసు తిన్యాడు. మణికట్లు వాలిపోయినాయి వానికి. గ్లాసు గూడా పట్టుకోలేకపాయ. సీసం పులుపు తగిల్తే చాలు, కరిగి కూట్లోకి దిగుతాది. రుచి తెలీదు, వాసన తెలీదు."

ఎర్రబండపల్లిలో ఊరుమ్మడి సామాను పదకొండు. నాలుగు గంగాళాలు, ఏడు గుండిగలు. ఎవరెవరో తాతలు తేరు సంతర్పణకని ఇచ్చినవి, అంచుల మీద పేర్లు చెక్కి ఉంటాయి. ఏటా తేరుకు ముందు వాటికి కళాయి పడాలి. పడ్డాక ఒక కట్టుబాటు ఉంది. సంతర్పణ రోజు ఆ గంగాళంలోని పులుసన్నం తొలి ముద్ద కళాయి పెట్టినవాడే తినాలి. తొలి పంక్తిలో తూర్పు కొసన అతనికి ఆకు. అతను తిని, బాగుంది అన్నాక మిగతా ఊరు చెయ్యి కడుగుతుంది. కులం, పెద్దరికం, ఏదీ ఆ ఆకు దగ్గర లెక్కలోకి రాదు. తిప్పయ్య అక్కడ కూర్చున్న రోజు సర్పంచిలా మెడ నిక్కించి కూర్చునేవాడు.

తొంభై తొమ్మిదిలో, వానచుక్క లేని శ్రావణంలో, జ్వరం తగిలి తిప్పయ్య పోయాడు. మరుసటి ఏడు కరువు. తేరు లాగారు గాని సంతర్పణ లేదు, గంగాళాలు చావడిలో బోర్లించినవి బోర్లించినట్టే ఉండిపోయాయి. ఆ ఏడాదంతా కదిరమ్మ తన ఇంటి గుండిగ మీద చెయ్యి తిప్పుకుంది. మొదటిసారి తగరం మాడి నల్లబడింది. రెండోసారి బొల్లి మచ్చల్లా పట్టింది. మూడోసారి చెయ్యి కాల్చుకుంది. నాలుగోసారి నిలిచింది. ఆ గుండిగలో చారు కాచుకుని, వాకిట్లో ఒక్కతే కూర్చుని, రెండు గ్లాసులు తాగింది.

రెండువేల ఒకటిలో సంతర్పణ చేద్దామని ఊరు అనుకోగానే ఆమె నరసింహప్ప దగ్గరికి పోయింది. ఊరి సామాను తాళాలు ఆయన మొలతాడుకే ఉంటాయి. మంచివాడే. కాకపోతే ఒకసారి మాట అనేస్తే దాన్ని వెనక్కి తీసుకోవడానికి పంచాంగం చూసుకునే రకం.

"ఏమ్మా, తిత్తి ఊదితే కళాయి వచ్చేస్తాదా? బస్సెక్కినోళ్లంతా బస్సు తోల్తాండారా?" అని నవ్వేశాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. కదిరమ్మకు తల కొట్టేసినట్టయింది.

తేరుకు నాలుగు రోజుల ముందు మోపెడ్ మీద ఒకాయన వచ్చాడు. ఏ ఊరివాడో ఎవరూ అడగలేదు. కొలిమి లేదు, తిత్తి లేదు, బుస్సుమనే బర్నరు ఒకటి పట్టుకుని మధ్యాహ్నానికల్లా పదకొండు సామాన్లూ తళతళలాడించేశాడు. నరసింహప్ప భార్య రామసుబ్బమ్మ గంగాళంలోకి వంగి చూసి బొట్టు సరిచేసుకుంది. అంత మెరుపు తిప్పయ్య చేతిలో కూడా చూడలేదని ఊరంతా ముక్కున వేలేసుకుంది. సంతర్పణకు ఉండి తొలి ముద్ద తిని పొమ్మంటే మాత్రం ఆ మనిషి, పక్క ఊళ్లో పని ఉందని మోపెడ్ తన్నాడు. మెరుపు చూసిన కళ్లకు ఆ తొందర కనిపించలేదు.

సంతర్పణకు ముందురోజు పొద్దున్నే సామాను కడగడానికి కదిరమ్మను పిలిచారు. కళాయికి పనికిరానిది కడగడానికి పనికొచ్చింది. ఆమె వచ్చింది. మొదటి గంగాళం నీళ్లు పోసి కడిగి, తెల్లటి పాత గుడ్డతో లోపల తుడిచింది. గుడ్డ మీద బూడిద రంగు చారలు పడ్డాయి, పలక మీద పెన్సిలు గీసినట్టు. మళ్లీ కడిగింది, మళ్లీ తుడిచింది. మళ్లీ అవే చారలు. రెండో గంగాళం, మూడోది, అన్నీ అంతే.

ఆమె లేచి, ఆ మనిషి పని చేసిన గోడవారకు పోయి దూది పేలికల్లో వెతికింది. చిటికెన వేలంత కడ్డీ ముక్క ఒకటి దొరికింది. చెవి దగ్గర పెట్టుకుని వంచింది. చప్పుడు లేదు. తిప్పి అటువైపు వంచింది. లేదు. మూడోసారి వంచింది. ముక్క మెత్తగా, మౌనంగా వంగింది.

రేపు ఎనిమిది వందల మంది. చంకలో బిడ్డలతో సహా. పులుసు తెల్లారి కాస్తే మధ్యాహ్నం దాకా అందులోనే ఉంటుంది. చెప్పకపోతే అది ఊరి కడుపులోకి పోతుంది. చెబితే, పని దక్కలేదని కుళ్లుకుంటోంది అంటారు. తను చెప్పింది తప్పని తేలితే రేపటి నుంచి ఈ కడిగే పనికి కూడా ఎవరూ పిలవరు. కదిరమ్మ ఆ కడ్డీ ముక్కను గుప్పిట్లో పెట్టుకుంది. భయం వేసింది, నిజంగానే వేసింది. తర్వాత చెంగు బిగించుకుని చావడి అరుగు దగ్గరికి నడిచింది.

నరసింహప్ప అక్కడ వంటవాళ్లతో మాట్లాడుతున్నాడు. రామసుబ్బమ్మ చింతపండు గింజలు తీయిస్తోంది.

"అన్నా, ఈ గంగాళాల్లో పులుసు కాసేదానికి లేదు. ఆయప్ప పెట్టింది తగరం కాదు. సీసం కలిపినాడు."

"పని నీకియ్యలేదని కడుపుమంటనా కదిరమ్మా?"

"కడుపుమంటే అనుకో. నీ టవలు ఇట్లియ్యి."

అడగడమే గాని ఇచ్చేదాకా ఆగలేదు. ఆయన భుజం మీది తెల్లటి టవలు లాగి, అప్పుడే కడిగిన గంగాళంలో నాలుగు రుద్దులు రుద్ది ఆయన ముందు పరిచింది. చారలు.

"మసి లే అది," అన్నాడు నరసింహప్ప. మసి కాదని గొంతులోనే తెలిసిపోతోంది.

కదిరమ్మ ఇంటికి పోయి తన గుండిగ తెచ్చింది. టవలు రెండో కొసతో దాని లోపల రుద్దింది. టవలు తెల్లగానే ఉంది. తర్వాత చెంగుముడి విప్పి ఒక కడ్డీ తీసింది. తిప్పయ్య ఆఖరిసారి కొన్న తగరం అది. దాన్ని ఏడాదిన్నరగా ఆమె వాడలేదు, వంచలేదు, ట్రంకుపెట్టెలో పట్టుచీర మడతలో దాచుకుంది.

"అక్కా, నువ్వు రా," అని రామసుబ్బమ్మను పిలిచి, మొదట మోపెడ్ మనిషి ముక్కను ఆమె చెవి దగ్గర వంచింది. "ఏమన్నా వినపడ్యాదా?"

"ఏం లేదే."

"ఇప్పుడిను." తిప్పయ్య కడ్డీ వంచింది.

కిర్రుమంది.

రామసుబ్బమ్మ ఉలిక్కిపడి చెవి మీద చెయ్యి పెట్టుకుంది. వంటవాళ్లు చింతపండు వదిలేసి లేచి వచ్చారు. కదిరమ్మకు మాత్రం మొగుడు గొంతు విన్నట్టయింది. కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు. తిప్పయ్య చెప్పిన మాటలన్నీ, ఏడ్చేది ఏది, ఏడవనిది ఏది, మణికట్లు వాలిపోయిన ఆ ఉస్తాదు తమ్ముడి సంగతి, ఒక్క అక్షరం పోకుండా చెప్పింది. నరసింహప్ప తన చెవి దగ్గర కూడా రెండూ వంచి చూపించమన్నాడు. రెండుసార్లు చూపించమన్నాడు.

అందరికంటే ముందు రామసుబ్బమ్మ నోరు విప్పింది. "నేనైతే ఆ గంగాళంలో పులుసు కాయనీను. నా మనవడు రేపు దాంట్లోదే తినాల. ఏం జేస్తావో చెయ్యి."

మడకశిర నుంచి అద్దె సామాను తెద్దామంటే పెళ్లిళ్ల కాలం, ఒక్క అండా ఖాళీ లేదని ఫోనులోనే తేలిపోయింది. నరసింహప్ప అరుగు మీద కూలబడ్డాడు.

"తగరం తెప్పించు. పొద్దు కుంకేలోపల పదకొండూ నేను జేస్తా," అంది కదిరమ్మ.

"నీ చేత అవుతాదా?"

"కాకుంటే తొలి ముద్ద తినేది నేనే గదన్నా."

ఆ మాటకు అరుగు మీద ఎవరూ నవ్వలేదు. నరసింహప్ప లేచి జీపెక్కాడు. వేరేవాణ్ణి పంపడానికి నమ్మకం లేక తనే హిందూపురం పోయాడు.

ఆయన వచ్చేలోపల ఇక్కడ చావడి ముందు గుంత తవ్వి బొగ్గులు రాజేశారు. కదిరమ్మ ఒక్కో సామానునూ కాల్చి, కరిగిన సీసపు పూతను దూదితో తుడిచి గుంతలోకి విదిలించింది. ఆ పొగ పిల్లల మీదికి పోకుండా అందరినీ గాలికి ఎగువన నిలబెట్టింది. చల్లారాక ఆడవాళ్లు గంగాళాల్లోకి దిగి ఇసుక, చింతపండు పిప్పి వేసి కాళ్లతో గుండ్రంగా తొక్కారు. ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని తిరుగుతుంటే గంగాళాలు గరగరలాడాయి, నవ్వులు చావడి దాటాయి. గంటలో ఇత్తడి తన పచ్చటి రంగులో బయటపడింది.

పొద్దు నడినెత్తిన ఉండగా జీపు వచ్చింది. ఆగకముందే నరసింహప్ప తల బయట పెట్టాడు.

"ఏడ్చినాయి కదిరమ్మా! అన్నీ ఏడ్చినాయి! షాపులో ఒక్కొక్కటీ చెవికాడ పెట్టుకుని వంచినా. ఆ షాపాయన నాకు పిచ్చి పట్టిందనుకున్యాడు. ఒక్కటి మాత్రం ఏడవల్యా. దాన్ని వాని మొగాన్నే కొట్టి ఇంకోటి తెచ్చినా!"

తీరా పనికి కూర్చున్నాక ఇంకో చిక్కు వచ్చింది. పద్దెనిమిదేళ్లు తిత్తి ఊదింది తను. ఇప్పుడు తను కొలిమికి అటువైపు కూర్చుంటే ఇటువైపు ఎవరు? ఇద్దరు ముగ్గురు పట్టుకుని చూశారు, ఒకడు నిప్పురవ్వలు ఎగరగొట్టాడు, ఇంకొకడు నిప్పే ఆర్పేశాడు. నరసింహప్ప అటూ ఇటూ చూశాడు. పంచె ఎగగట్టి తిత్తి ముందు చతికిలబడ్డాడు.

మొదటి గంగాళం ఎక్కింది. కదిరమ్మ నవాసారం చల్లి, కడ్డీ ఆనించి దూదితో లాగింది. తగరం పట్టలేదు. చింతకాయంత మచ్చగా ముద్దకట్టి జారింది. చుట్టూ ఊరు. ఎవరో చిన్నగా దగ్గారు. అప్పుడు తెలిసింది, తను కళ్లతో చేస్తోంది. గిన్నె లోపల ఏముందో చూస్తూ చేస్తోంది. తను నేర్చింది అలా కాదు.

కళ్లు మూసుకుంది.

"అన్నా, మెల్లగా ఊదు. అది సైకిలు పంపు కాదు. ఊపిరి తీసుకున్నెట్ల... ఆఁ, అట్ల. ఇంగ కొంచెం. ఇంగ కొంచెం."

నరసింహప్ప ఆమె చెప్పినట్టే ఊదాడు. నవాసారం మళ్లీ చల్లింది. ముక్కు కొసన ఆ ఘాటు తగిలింది, పద్దెనిమిదేళ్లుగా ఎరిగినది. ఇంకా కాదు, ఇంకా కాదు, ఇప్పుడు. కడ్డీ ఆనించి దూది తిప్పింది. సర్రుమంది. అదే చప్పుడు. దాని తర్వాత మొగుడు గొంతు సవరించుకునేవాడు. ఈసారి తనే సవరించుకుని కళ్లు తెరిచింది. గంగాళం లోపల సగం దాకా తెల్లగా, నిండుగా, మోపెడ్ మనిషి మెరుపంత ఆర్భాటం లేకుండా, తగరం పరుచుకుని ఉంది.

ఇక ఆగలేదు. గంగాళం తర్వాత గంగాళం, గుండిగ తర్వాత గుండిగ. చల్లార్చడానికి నీళ్లలో ముంచిన ప్రతిసారీ బుస్సుమని ఆవిరి లేచేది, జనం ఓహో అనేవాళ్లు. నరసింహప్ప రొప్పుతూ ఒకసారి ఆగితే, "తిత్తి ఊదేదంటే ఏమనుకున్యావన్నా?" అంది కదిరమ్మ. ఆయన మళ్లీ ఊదాడు. పదకొండో గుండిగ నీళ్లలో మునిగేసరికి పొద్దు కొండ మీద ఇంకా జానెడు ఎత్తున ఉంది. రామసుబ్బమ్మ మొగుడి టవలు శుభ్రమైన కొసతో పదకొండింటినీ ఒక్కొక్కటే రుద్ది చూసింది. టవలు తెల్లగానే ఉంది.

మర్నాడు తేరు కదిలింది. మధ్యాహ్నం చావడి ముందు తొలి పంక్తి వేశారు. తొలి పంక్తి మగవాళ్లది, ఎప్పటి నుంచో అంతే. కదిరమ్మ వెనక, ఆడవాళ్ల గుంపులో నిలబడింది. తూర్పు కొసన ఒక ఆకు ఖాళీగా ఉంది. ఆమె దాని వంక చూడకూడదనుకుంటూనే చూస్తోంది.

నరసింహప్ప వచ్చి ఆ ఆకు మీద నీళ్లు చిలకరించాడు. చేతులు నల్లగా, వేళ్ల మీద బొబ్బలతో ఉన్నాయి. గుంపు వైపు తిరిగి గట్టిగా, ఊరంతా వినేట్టు పిలిచాడు.

"కళాయి కదిరమ్మ యాడుండాది? రామ్మా, ఊరు ఆకలితో ఉండాది!"

ఆమె నడిచి వచ్చి కూర్చుంది. తిప్పయ్య కూర్చున్నట్టే మెడ నిక్కించి కూర్చుంది, తెలిసే కూర్చుంది. నరసింహప్ప తన చేత్తోనే అన్నం పెట్టి, గంగాళం నుంచి గరిటెడు పులుసు పోశాడు. ఎనిమిది వందల మంది చప్పుడు చేయకుండా చూస్తున్నారు. ఏడుస్తున్న పసివాణ్ణి కూడా ఎవరో సముదాయించారు. కదిరమ్మ ముద్ద కలిపింది. నోట్లో పెట్టుకుంది. తొందరపడలేదు. ఆ ఒక్క ముద్దనూ నిదానంగా, మనసుతీరా నమిలింది.

"ఏమమ్మా?" అన్నాడు నరసింహప్ప, ఉండబట్టలేక.

"కళాయి బాగుండాది," అంది కదిరమ్మ. "పులుసులో ఉప్పు చాల్లేదు. వేసి, అందరికీ వడ్డించండి."